చచ్చి పుట్టినదని రాసిన దూడ బతికే ఉన్నదని మనవి

తేది: 12-9-2002

పశువుల శాఖ జిల్లా పెద్దధికారి గారి సముఖమునకు,

దువ్వాడ దగ్గర కొత్త దిబ్బపాలెం నిర్వాసితుల కాలనీ, మూడో వీధి కాపురస్తుడు మొల్లి ఎల్లాజీ, వయస్సు 68, పోర్టులో కలాసీగా చేసి రిటైరైనవాడు, రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: మా గేదెకు తేది 3-9-2002న పుట్టిన పెయ్యదూడను మా కాలనీ పశువుల ఆసుపత్రి రిజిస్టరులో "చచ్చి పుట్టినది" అని రాసినారు. సదరు దూడ బతికి ఉన్నది. ఆ రాత కొట్టివేయించి దానికి ఈ రోజే వైద్యం చేయించవలెనని.

నాకు నలుగురిలో మాట రాదు. ఆసుపత్రికి నాలుగుసార్లు వెళ్ళి నిలబడి, నాలుగుసార్లూ తిరిగి వచ్చినాను. ఐదో తరగతి వరకు చదువుకున్నాను గనుక కాగితం మీద రాసుకుంటున్నాను. తప్పులుంటే దిద్దుకోగలరు. దూడ సంగతి మాత్రం దిద్దవద్దు. అది జరిగింది జరిగినట్టే రాసినాను.

1. సదరు గేదెకు ఇది మూడో ఈత. మొదటి రెండు ఈతలూ మనిషి చెయ్యి పడకుండా ఈనింది. ఈసారి మంగళవారం తెల్లవారి ఐదున్నరకు ఉమ్మనీటి తిత్తి పగిలింది. ఆరు దాటినా ఒక ముందుకాలూ, ముక్కూ మాత్రమే కనబడినవి. రెండో ముందుకాలు రాలేదు. రెండు కాళ్ళూ, వాటి మీద మూతీ కలిసి వస్తేనే దూడ సుఖంగా దిగుతుంది. ఒక కాలు లోపల మడత పడిపోయిందని మా ఇంటావిడ వెంకటరమణమ్మ చూడగానే అన్నది. ఆవిడ చిన్నప్పటినుంచీ గేదెల దగ్గర పెరిగిన మనిషి.

2. నేను ఏడున్నరకే పోయి ఆసుపత్రి గేటు దగ్గర నిలబడినాను. ఆసుపత్రి ఎనిమిదికి తెరవాలని బోర్డు ఉన్నది. తొమ్మిదిన్నరకు కాంపౌండరు త్రినాథరావు గారు వచ్చినారు. డాక్టరు గారు మీటింగులో ఉన్నారని చెప్పినారు. ఏ మీటింగో నేను అడగలేదు. అడగవలసినది.

3. త్రినాథరావు గారు మా పశువుల సాలకు వచ్చి, మోచేతి వరకు నూనె రాసుకుని, చెయ్యి పెట్టి చూసి, కాలు మడత పడిందని వారూ అన్నారు. మడత పడిన కాలు సరిచెయ్యాలంటే ముందు దూడను కాస్త లోపలికి నెట్టి, చోటు చేసుకుని, ఆ కాలును ముందుకు తియ్యాలి. అది నిదానం పని. వారికి తీరిక లేదు.

"తాడు తే మావా," అన్నారు.

"కాలు తిప్పకుండా లాగితే ఎలాగ బాబూ," అని మా ఇంటావిడ అడిగింది.

"నువ్వేటి డాక్టరువా అత్తా? నాను ఇలాటివి వంద తీసినాను. మావా, ఏటలా ముసిల్దానిలాగ వణికిపోతన్నావు, తాడు తే బేగి!"

కొబ్బరితాడు తెచ్చి ఇచ్చినాను. బయటికి వచ్చిన కాలికి కట్టినారు. వీధిలో ముగ్గురిని పిలిచినారు. నాలుగో మనిషిని నేను. అయ్యా, నేను పోర్టులో ఇరవై ఆరేళ్ళు సరుకు దించినవాణ్ణి. సరుకు ఎక్కడ తగులుకున్నదో చూడకుండా తాడు బిగించకూడదని మా మేస్త్రీ మొదటి రోజే చెప్పినాడు. ఇనుముకే అంత లెక్క ఉంటే, ఇంకా కళ్ళు తెరవని దూడకు ఏ లెక్కా లేకపోయింది. గేదె అరిచిన అరుపుకు వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. అదంతా విని కూడా నేను లాగినాను. పది కొట్టి పావుగంటకు దూడ బయట పడింది. అంటే తిత్తి పగిలింది మొదలు నాలుగు గంటల మూడు పావులు అది ఆ ఇరుకులో ఉన్నది.

4. పుట్టిన దూడ తల బెల్లంకుండంత వాచి ఉన్నది. నాలుక నేరేడుపండు రంగు తిరిగి, లావెక్కి, బయటికి వేలాడుతున్నది. కదల్లేదు. మా ఇంటావిడ దాన్ని గోనెపట్టాతో రుద్ది, చెవిలో నీళ్ళు పోసి, ముక్కులో గడ్డిపరక పెట్టి తిప్పింది. దూడ తుమ్మింది. రెండోసారి కూడా తుమ్మింది. తరవాత ఊపిరి తీసింది. అక్కడ ఆరుగురం ఉన్నాము. ఆ ఆరుగురిలో త్రినాథరావు గారు ఒకరు.

చచ్చి పుట్టినది తుమ్మదు అయ్యా.

5. ఇక్కడ మా కాలనీలో పాతుకుపోయిన ఒక అలవాటు చెప్పవలసి ఉన్నది. ఆసుపత్రి మనిషి వచ్చి ఈనిపిస్తే, తొలిసారి పిండిన పాలు వారివే. జున్నుకు. ఇది ఎవరూ పెట్టిన రూలు కాదు. ఎవరో మొదట మొహమాటానికి ఇచ్చినారు, తరవాత అందరం ఇస్తున్నాము. ఇప్పుడు వారు ఖాళీ క్యాను తెచ్చుకునే వస్తారు. ఆ రోజు త్రినాథరావు గారు రెండు లీటర్ల క్యాను తెచ్చినారు. ఒక లీటరు తనకు, ఒక లీటరు డాక్టరు గారింటికి అన్నారు.

మా ఇంటావిడ అడ్డం వచ్చింది. "దూడకి నాలుగు గుక్కలు పట్టినాక తీసుకో నాయనా. నాలిక వాచిపోయింది, ఇది లేచి తాగలేదు. మనమే పట్టాల."

"మాయ పడకుండా దూడకి పాలు పట్టకూడదత్తా. పడితే కడుపులో గడ్డ కడతాది. మీకు తెలీదు."

ఆ మాట మా ఊళ్ళో చాలామంది నమ్ముతారు. మా అమ్మ నమ్మేది కాదు. దూడ పడగానే, మాయ పడిందో లేదో చూడకుండా, మొదటి పాలు దూడ నోట్లోకే పిండేది. మూడు ఊళ్ళ మందలో మా అమ్మ చేతి దూడలు మిగిలినట్టు ఎవరివీ మిగిలేవి కావు. ఇది నాకు తెలుసు. తెలిసి నోరు తెరవలేదు. త్రినాథరావు గారు క్యాను చాపినారు. మూత మురికిగా ఉంటే నేనే కడిగి తెచ్చి ఇచ్చినాను.

ఆ పాలు పసుపుపచ్చగా, చిక్కగా ఉన్నాయి. రెండు లీటర్లూ పోయినాయి. పొదుగులో మిగిలినది లోటాడు. పైగా లాగుడుకు నలిగిపోయిన గేదె ఆ తరవాత ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. తన దూడను కూడా కాలితో తన్నింది.

6. వెళ్ళబోయే ముందు త్రినాథరావు గారు మా నులకమంచం మీద కూచుని రిజిస్టరు తీసి రాసుకున్నారు. పేరు అడిగినారు, చెప్పినాను. ఎన్నో ఈత అని అడిగినారు, చెప్పినాను. దూడ ఆడదా మగదా అని అడగలేదు. నేనే అన్నాను, పెయ్యదూడ బాబూ అని.

"అదెందుకులే మావా. రాసీసినాను."

"ఏటి రాసినావు బాబూ?"

"సచ్చి పుట్టిందని. ఈ తల, ఈ నాలిక సూడు. మాపటికి పోద్ది. మల్లీ రెండోసారి రాయడం దేనికి?"

"ఊపిరి తీస్తంది కదా."

"బతికి పుట్టిందని రాస్తే, మరెలా సచ్చిందని పైనుంచి అడుగుతారు మావా. సచ్చి పుట్టిందంటే ఎవులూ అడగరు. నీకూ నాకూ గొడవ లేదు."

ఈ మాట ఆయన అన్నది అన్నట్టే రాసినాను. ఒక్క అక్షరం కలపలేదు. అయ్యా, తమరు చదువుకున్నవారు. ఈ మాట రెండుసార్లు చదవవలెనని కోరుతున్నాను.

7. మాపటికి పోలేదు. సాయంత్రం ఐదుకు మాయ పడింది. అప్పటికి దూడ పుట్టి దగ్గరదగ్గర ఏడు గంటలు. పొదుగులో మిగిలిన లోటాడూ గేదె పిండనివ్వలేదు. మా ఇంటావిడ వెనక వీధిలో తాయారు ఇంటికి పరిగెత్తింది. తాయారు గేదె అంతకు రెండు రోజుల ముందు ఈనింది. జున్నుకని తీసి ఉంచిన పాలు ఒక గ్లాసు మిగిలి ఉన్నాయి. తాయారు ఆ గ్లాసుతో పాటు తనూ వచ్చింది.

"ఓలమ్మ, ఏటొదినా ఇది, నాలికేనా? వంకాయలాగుంది!"

"నవ్వకే, దవడ పట్టుకో."

"నవ్వడం లేదొదినా. పాపం దీని మొకం సూడు, మన కాలనీ ప్రెసిడెంటు నిద్దర లేసినట్టుంది."

ఇద్దరూ గుడ్డ తడిపి, చుక్క చుక్క, గంటసేపు పట్టినారు. సగం కారిపోయింది, సగం దిగింది. దూడకు రాత్రి గడిచింది. పొద్దున్నకు తల వాపు తీసింది. రెండో రోజు లేచి నిలబడబోయి పడిపోయింది. మూడో రోజు నిలబడింది. వీధిలో ఆడవాళ్ళందరూ వచ్చి చూసినారు.

నాలుగో రోజునుంచి తెల్ల విరేచనాలు. బొడ్డు వాచి చీము పట్టింది. ముందు మోకాళ్ళు రెండూ వాచినాయి, ముట్టుకుంటే వేడి. తాడు కట్టిన కాలి మీద చుట్టూ పుండు. పుట్టుకలో నలిగిన దూడ అలసిపోయి ఉంటుంది, లేచి పొదుగు వెతుక్కోలేదు, అందుచేత దానికి మిగతా దూడల కంటే ముందుగా, మనమే మొదటి పాలు పట్టాలి. పట్టకపోతే వచ్చిన ప్రతి జబ్బూ దాన్నే పట్టుకుంటుంది. ఇది నేను చెబుతున్న శాస్త్రం కాదు. ఎక్కడిదో తొమ్మిదో నంబరులో చెబుతాను.

8. వైద్యం కోసం 6, 7, 9, 11 తేదీలలో ఆసుపత్రికి వెళ్ళినాను. 8 ఆదివారం, 10 వినాయకచవితి, ఆసుపత్రి లేదు. రోగానికి చవితి లేదు.

మొదటిసారి నేను ఒక్కడినే వెళ్ళినాను. దూడకు బాగులేదన్నాను. ఆసుపత్రి వారు రిజిస్టరులో పేరు చూసి, నీ దూడ చచ్చిపోయింది కదా అన్నారు. అటునుంచి అటే ఇంటికి వచ్చేసినాను. మా ఇంటావిడ నన్ను తిట్టిన తిట్లు ఈ అర్జీలో రాయదగినవి కావు.

రెండోసారి దూడను గోనెలో పడుకోబెట్టి, నేనూ మా ఇంటావిడా చెరో కొసా పట్టుకుని తీసుకుపోయినాము. డాక్టరు గారు ఉన్నారు. దూడను బల్ల ముందు దించినాము. డాక్టరు గారు దూడను చూడలేదు, రిజిస్టరు చూసినారు.

"చూడు ఎల్లాజీ, దీని ప్రకారం నీ గేదెకి దూడ లేదు. లేని దూడకి నేను ఇంజక్షన్ ఇచ్చి ఏ లైన్లో రాయను? రేపు ఆడిట్ వాళ్ళు అడిగితే చచ్చిపుట్టిన దూడకి విరేచనాల మందు ఇచ్చానని చెప్పనా?"

"ఇదేటి బాబూ మరి?" అని మా ఇంటావిడ దూడను చూపించింది.

త్రినాథరావు గారు పక్కనే ఉన్నారు. "ఎక్కడినుంచో తెచ్చుంటారు సార్. మందులు ఫ్రీ కదా," అన్నారు.

"ఒరే త్రినాదా! నీ సేతుల్తో లాగినావు కదరా! ఈ కాలి మీద పుండు నీ తాడుది కాదా? జున్ను అరిగిపోయిందేటి, దూడని మరిసిపోయినావు?"

డాక్టరు గారు, ఆడవాళ్ళు ఆఫీసులో అరవకూడదన్నారు. ఎవరి దగ్గరయినా ఈ దూడ ఆ దూడే అనీ, బతికి ఉన్నదనీ సర్టిఫికెట్ తెస్తే అప్పుడు ఆలోచిస్తామన్నారు.

మూడోసారికి ఆ సర్టిఫికెట్ కోసం కాలనీ ప్రెసిడెంటు దగ్గరికి పోయినాను. "మనిషికైతే రాస్తాను బావా, దూడకి ఫారం లేదు," అన్నాడు. పోర్టు పింఛను కోసం నేను ఏటా నవంబరులో బతికి ఉన్నానని సంతకం పెడుతుంటాను. నా మాట ఒక సంతకంతో నమ్ముతారు. ఎదురుగా పడుకుని అరుస్తున్న దూడను నమ్మరు. సర్టిఫికెట్ లేకుండా వెళ్ళినాను, వెనక్కి పంపినారు. నాలుగోసారి, అంటే నిన్న, డాక్టరు గారు మళ్ళీ మీటింగుకు వెళ్ళినారు.

9. సదరు ఆసుపత్రి ముందుగోడ మీద తమ శాఖ వారే నీలం రంగుతో పెద్ద అక్షరాలు రాయించినారు. "పుట్టిన గంటలోగా దూడకు ముర్రుపాలు తాగించండి. కష్టమైన కాన్పులో పుట్టిన దూడలకు మరీ ముఖ్యం. మాయ పడేవరకు ఆగవద్దు." ఆ గోడ కింద త్రినాథరావు గారి స్కూటరు పెడతారు. ఆ స్కూటరు హ్యాండిలుకే మా పాల క్యాను వేలాడుతూ వెళ్ళింది. గోడ మీద ఒకటి రాసి, రిజిస్టరులో ఒకటి రాసి, మా సాలలో ఒకటి చేస్తారా? ఇందులో ఏది తమ శాఖ మాట? నాకు జవాబు కావాలి. నేను అడుగుతున్నాను. ఇన్నాళ్ళకు అడుగుతున్నాను.

10. ఇందులో నా తప్పు. ఆ గోడ నేను నాలుగైదేళ్ళుగా చదువుతున్నాను. లైనులో నిలబడినప్పుడల్లా చదివినాను. మా అమ్మ చేసింది చూసినాను. మా ఇంటావిడ చెప్పింది విన్నాను. అయినా తాడు తెచ్చింది నేను, లాగింది నేను, క్యాను మూత కడిగి ఇచ్చింది నేను. ఆఫీసు మనిషి ఎదట నోరు పెగలదు నాకు. పోర్టులో కూడా అంతే. అందరూ మంచివాడు అనేవారు. మంచివాణ్ణి కాదు అయ్యా, పిరికివాణ్ణి. త్రినాథరావు గారి మీద నాకు ఎంత కోపం ఉన్నదో నా మీద నాకు అంతే ఉన్నది. వారి మీద చర్య తీసుకునేటప్పుడు, నా పేరు కూడా రాసుకోండి. అభ్యంతరం లేదు. కానీ అదంతా తరవాత. దూడ ముందు.

6 (బి). ఆరో నంబరులో మరిచిపోయినాను. ఆ రిజిస్టరు పేజీలో మా పేరుకు పైన ఇంకా ముగ్గురు గేదెల వారి పేర్లు ఉన్నాయి. మూడింటికీ ఎదురుగా "చచ్చి పుట్టినది" అనే ఉన్నది. అవన్నీ కష్టమైన కాన్పులే. నాకు ఆ ఇళ్ళు తెలుసు. ఒక ఇంట్లో దూడ ఆరు రోజులు ఉన్నది. దానికి పేరు కూడా పెట్టినారు.

కాబట్టి తమరిని కోరుకునేది:

రిజిస్టరులో 3-9-2002 తేదీన మా పేరుకెదురుగా ఉన్న రాతను ఎర్రసిరాతో కొట్టి, "పెయ్యదూడ, బతికి ఉన్నది" అని తమ చేత్తో రాయవలెను. రాసినాకే మందు ఇస్తామని వారు అంటున్నారు గనుక, ముందు రాయవలెను. రాయకుండానే మందు ఇచ్చే అధికారం తమకు ఉంటే, రాత తరవాత చూసుకుందాము.

ఇకమీదట ఏ ఇంట ఈనినా, దూడ తాగేవరకు ఆసుపత్రి మనిషి క్యాను బయటికి తియ్యకూడదని ఉత్తరువు ఇవ్వవలెను. ఉత్తరువు ఇవ్వలేకపోతే ఆ గోడకు సున్నం కొట్టించండి. చదివినవాడికి కడుపు మండకుండా ఉంటుంది.

నష్టపరిహారం నాకు అక్కర్లేదు. ఎవరయినా అడగమన్నా అడగను. ఈ దూడ బతికితే అదే చాలు.

దూడ ఊపిరి ఉన్న టైములోనే చిత్తగించవలెను.

ఇప్పటికింకా
తమ విధేయుడు,
మొల్లి ఎల్లాజీ

మరొక మాట: పైదంతా ఇంటి దగ్గర రాసుకుని తెచ్చినాను. ఇది తమ ఆఫీసు వరండాలో రాస్తున్నాను. లోపల గుమస్తా గారు అర్జీ పెట్టెలో వేసి పొమ్మన్నారు. పదిహేను రోజుల్లో జవాబు వస్తుందట. పదిహేను రోజులంటే ఈ దూడ వయసు కంటే ఎక్కువ.

నేను వెళ్ళడం లేదు. దూడను ఆటోలో తెచ్చినాము. వరండాలో రెండో స్తంభం దగ్గర గోనె మీద ఉన్నది. మా ఇంటావిడ దాని తల ఒళ్ళో పెట్టుకుని కూచుంది. ప్యూను రెండుసార్లు లేవమన్నాడు. "నా దూడ సచ్చిపోయిందని గవర్నమెంటు రాసింది బాబూ, సచ్చిపోయినదాన్ని ఎలాగ లేపుతాం?" అని ఆవిడ అంటే, వాడు తల గోక్కుని ఒక చెంబుడు నీళ్ళు తెచ్చి పెట్టినాడు. మంచివాడు.

నాను లోపలికొచ్చి మాటాడలేను. వచ్చినా తవరి ఎదట నా నోట మాట రాదు. ఈ కాగితం తలుపు సందులోంచి లోపలికి తోసేస్తన్నాను. మా దూడ అరస్తంది, తవరి గదిలోకి వినబడతాది. ఇప్పటికైతే గట్టిగానే అరస్తంది. అరుపు ఉండగా బయటికొచ్చి సూడండి. అది ఆగిపోయినాక వచ్చినారంటే, అయ్యా, మీ రిజిస్టరే నిజమైపోతాది.